పింఛను లేని ప్రెసిడెంటు – హారీ ట్రూమన్

పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. గాంధీగారి గురించి, ప్రకాశం పంతులుగారి గురించి, అంబేద్కర్ గారి గురించి మన సభ్యులు ఇదివరకే చక్కగా రాసి ఉన్నారు. అందుచేత నేను కొంచెం దూరం వెళ్ళి, అమెరికా దేశానికి 33వ అధ్యక్షుడుగా పనిచేసిన హారీ ట్రూమన్‌ను ఎంచుకున్నాను. హిరోషిమా మీద బాంబు వేయించినవాడు గదా, అతని ఊసు మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. ఆ సంగతి కూడా దాచకుండా రాస్తాను. అయితే ఆయన గుమాస్తాగిరీతో బతుకు మొదలుపెట్టినవాడు. అంత పెద్ద కుర్చీలో దాదాపు ఎనిమిదేళ్ళు కూర్చుని, దిగిపోయిన నాడు ఆ ఉద్యోగం తాలూకు ఒక్క డాలరు పింఛను లేకుండా ఇంటికి పోయినవాడు. మన పత్రికలో ఆయనకు చోటివ్వడానికి ఈ రెండూ చాలు. పైగా, మన దేశంలో కూడా ప్రధానమంత్రి పద్ధతి తీసివేసి అమెరికా తరహా అధ్యక్ష పద్ధతి పెడితే అన్నీ చక్కబడతాయనే మాట అప్పుడప్పుడూ వినపడుతూ ఉంటుంది. ఆ పద్ధతి లోపల ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి ట్రూమన్ సర్వీసు చరిత్ర మంచి పాఠమని నా అభిప్రాయం.

ట్రూమన్ 1884 మే 8న మిస్సోరి రాష్ట్రంలోని లామార్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి పశువుల బేరం, వ్యవసాయం చేసేవాడు. 1890లో కుటుంబం ఇండిపెండెన్స్ అనే పట్టణానికి మారింది. హారీ ఎస్ ట్రూమన్ అనే పేరులో ఉన్న ఆ ఎస్ అనే అక్షరానికి పూర్తి పేరంటూ లేదు. తాతలిద్దరి పేర్లలోనూ ఆ అక్షరం ఉంది కాబట్టి ఇద్దరికీ కోపం రాకుండా ఒట్టి పొడి అక్షరం ఒక్కటే పెట్టి ఊరుకున్నారు. మా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనులో అయితే సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ దగ్గరే ఆగిపోయి, పొడి అక్షరానికి పూర్తి పేరు తెలపవలసిందిగా మెమో వెళ్ళి ఉండేది!

1901లో హైస్కూలు చదువు ముగిసింది. తండ్రి వ్యాపారంలో దెబ్బతినడంతో కాలేజీ డిగ్రీ సంపాదించే యోగం పట్టలేదు. కళాశాల పట్టా లేకుండా అమెరికా అధ్యక్షుడైనవారిలో ఆఖరివాడు ఆయనే. రైల్వే పనులు చేసే కంట్రాక్టరు దగ్గర కూలీల హాజరు రాసే టైమ్ కీపరుగా చేరాడు. తర్వాత కాన్సాస్ సిటీలో బ్యాంకు గుమాస్తా అయ్యాడు. 1906లో తండ్రి పిలుపు మీద పొలానికి తిరిగి వచ్చి పదకొండేళ్ళు నాగలి పట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు వెళ్ళి ఫిరంగిదళం కెప్టెనుగా పేరు తెచ్చుకున్నాడు. 1919లో చిన్ననాటి నుంచి ఎరిగిన బెస్ వాలెస్‌ను పెళ్ళాడాడు. అదే ఏడాది యుద్ధంలో స్నేహితుడైన ఎడ్డీ జాకబ్సన్‌తో కలిసి కాన్సాస్ సిటీలో మగవారి దుస్తుల దుకాణం తెరిచాడు. 1922కల్లా అది మూతపడింది. దివాలా పిటిషను పెట్టి చేతులు దులుపుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. ఆ అప్పులు తీర్చుకుంటూ ఏళ్ళ తరబడి గడిపాడు.

ఆ ఏడాదే రాజకీయాల్లోకి వచ్చాడు. జాక్సన్ కౌంటీకి జడ్జిగా ఎన్నికయ్యాడు. జడ్జి అంటే తీర్పులు చెప్పే జడ్జి కాదు. రోడ్లు, భవనాలు, ఖర్చులు చూసే పదవి, మన జిల్లా పరిషత్తు వంటిదనుకోవచ్చు. ఆ పదవి ఇప్పించినది టామ్ పెండర్‌గాస్ట్ అనే స్థానిక పెద్దమనిషి. ఊరి కంట్రాక్టులూ ఓట్లూ ఆయన గుప్పిట్లో ఉండేవి. చివరకు ఆదాయపు పన్ను ఎగవేసి 1939లో జైలుకు పోయాడు. అటువంటివాడి అండతో పైకి వచ్చి కూడా ట్రూమన్ చేతికి మసి అంటించుకోలేదని ఆయన విరోధులే ఒప్పుకున్నారు. 1934లో సెనేటుకు ఎన్నికయ్యాడు. 1940లో మళ్ళీ గెలవడం గగనమైంది. ఆ ఎన్నికల రోజుల్లోనే, తాకట్టులో ఉన్న తల్లి పొలం బాకీ కింద వేలానికి పోయింది. అధికారంలో ఉన్న కొడుకు ఒక మాట చెబితే ఆగేదేమో, ఆగలేదు మరి.

ఆయనకు దేశమంతటా పేరు తెచ్చినది ఆడిట్ పని అంటే మన ట్రెజరీ మిత్రులు సంతోషిస్తారు. 1941లో సైనిక శిబిరాల నిర్మాణంలో డబ్బు వృథా అవుతోందని విని, తన సొంత కారు వేసుకుని తిరిగి చూసి వచ్చి, విచారణ సంఘం వేయమని సెనేటును అడిగాడు. ఖర్చులకు 15,000 డాలర్లు మాత్రం ఇచ్చి, ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. ఆ సంఘం నాసిరకం ఉక్కునూ, పనికిరాని విమాన ఇంజన్లనూ, దొంగ బిల్లులనూ పట్టుకుని వందల కోట్ల డాలర్లు మిగిల్చిందని లెక్క చెబుతారు. అధ్యక్ష పద్ధతిలో ఇది గమనించవలసిన మొదటి విషయం. అక్కడ ప్రభుత్వం రూజ్వెల్ట్‌ది, ట్రూమనూ రూజ్వెల్ట్ పార్టీవాడే. అయినా తన పార్టీ ప్రభుత్వం లెక్కలను తానే తవ్వి తీయగలిగాడు. దానివల్ల ప్రభుత్వం పడిపోదు. అమెరికన్ కాంగ్రెసులో, అంటే వారి పార్లమెంటులో, ఓటు ఓడిపోయినా అధ్యక్షుడు నాలుగేళ్ళూ ఉంటాడు. అందుకని సభ్యులకు విప్ భయం తక్కువ.

1944లో పార్టీ పెద్దలు ట్రూమన్‌ను ఉపాధ్యక్ష పదవికి నిలబెట్టారు. 1945 జనవరి 20న ప్రమాణం చేశాడు. అక్కడ ఉపాధ్యక్షుడికి సెనేటు సమావేశాలకు అధ్యక్షత వహించడం తప్ప రాజ్యాంగం ఇచ్చిన పని పెద్దగా ఏమీ లేదు. సరిగ్గా 82 రోజులకు, ఏప్రిల్ 12 సాయంత్రం, రూజ్వెల్ట్ జార్జియాలో మరణించిన వార్త వచ్చింది. మన దగ్గర ప్రధాని పోతే పార్టీ కొత్త నాయకుణ్ణి ఎన్నుకోవాలి. అక్కడ ఎన్నికా లేదు, మంతనాలూ లేవు. రాత్రి 7 గంటల 9 నిముషాలకు ప్రధాన న్యాయమూర్తి ఎదుట ట్రూమన్ ప్రమాణం చేశాడు. యుద్ధం నడుస్తుండగా కుర్చీ కొన్ని గంటలు కూడా ఖాళీగా లేదు.

కాని చార్జి అప్పగింత మాటేమిటి? మనలో ఒక రికార్డు అసిస్టెంటు బదిలీ అయినా బీరువా తాళాలు, ఫైళ్ళ జాబితా, పెండింగు కాగితాలు లెక్క చూపి సంతకాలు పెట్టించుకుంటాం. ఉపాధ్యక్షుడుగా ఉన్నంతకాలం ఆ దేశం అణుబాంబు తయారు చేస్తున్నదన్న సంగతే ట్రూమన్‌కు ఎవరూ చెప్పలేదు! ప్రమాణం చేసిన రాత్రి యుద్ధ మంత్రి స్టిమ్సన్ చెవిలో ఒక ముక్క వేశాడు. పూర్తి వివరం ఏప్రిల్ 25న గాని చెప్పలేదు. నాలుగు నెలలు తిరగకుండా ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద బాంబులు పడ్డాయి. ఆ ఏడాది ఆఖరుకు రెండు నగరాలలో చనిపోయినవారు సుమారు రెండు లక్షలని అంచనా. యుద్ధం త్వరగా ముగిసి ఎక్కువ ప్రాణాలు దక్కాయని ట్రూమన్ చివరిదాకా నమ్మాడు. పసిబిడ్డలూ ముసలివారూ ఉన్న ఊళ్ళను అలా కాల్చడాన్ని నేను మాత్రం సమర్థించలేను. ఇక్కడ పద్ధతి సంగతి కూడా చూడండి. సర్వసేనాధిపతి అధ్యక్షుడే. మంత్రివర్గం ఓటు వేయనక్కరలేదు, సమష్టి బాధ్యత అనేది లేదు. మంత్రులు అధ్యక్షునికి సలహాదారులే గాని సహచరులు కారు. వారు కాంగ్రెసు సభ్యులు కూడా కాకూడదు. నాగసాకి తర్వాత, తన ప్రత్యక్ష అనుమతి లేకుండా మూడో బాంబు వేయరాదని ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చాడు. వేయమనడానికీ ఆపమనడానికీ ఒక్క మనిషే అన్నమాట.

ఇంకొక లోటు చూడండి. ట్రూమన్ పైకి వెళ్ళాక ఖాళీ అయిన ఉపాధ్యక్ష పోస్టును నింపే ఏర్పాటు రాజ్యాంగంలో లేదు. 1949 జనవరి దాకా, అంటే దాదాపు నాలుగేళ్ళు, ఆ పోస్టు ఖాళీగానే ఉంది. తర్వాతి వరుస ఎవరన్న దానిమీద 1947లో చట్టం చేసి ప్రతినిధుల సభ స్పీకరును ముందు పెట్టారు. ఖాళీ నింపే పద్ధతి 1967లో 25వ సవరణతో గాని రాలేదు.

1946 ఎన్నికల్లో రెండు సభలూ ప్రతిపక్షమైన రిపబ్లికన్ల చేతికి పోయాయి. మన పద్ధతిలో అయితే ఆ రోజే రాజీనామా. అక్కడ రెండేళ్ళపాటు అధ్యక్షుడు ఒక పార్టీ, సభలు ఒక పార్టీ. ఆయన సభను రద్దు చేయలేడు, సభ ఆయన్ను విశ్వాస తీర్మానంతో దించలేదు. నేరం మోపి, సెనేటులో మూడింట రెండు వంతుల ఓటుతో శిక్షిస్తే తప్ప అధ్యక్షుడు కదలడు. ఇక మిగిలినది ఫైలు మీద పోట్లాట. సభలు బిల్లు పంపితే సంతకం పెట్టవచ్చు, లేదా ఆక్షేపణలు రాసి వెనక్కు తిప్పవచ్చు. దానినే వీటో అంటారు. అప్పుడు రెండు సభలూ విడివిడిగా మూడింట రెండు వంతుల మెజారిటీతో మళ్ళీ ఆమోదిస్తే సంతకం లేకుండానే చట్టమవుతుంది. కార్మిక సంఘాల హక్కులు కుదించే టాఫ్ట్–హార్ట్‌లీ బిల్లును ఆయన 1947 జూన్ 20న తిప్పి పంపాడు; 23వ తేదీకల్లా సభలు దానిని చట్టం చేశాయి. మొత్తం మీద ట్రూమన్ 250 బిల్లులు ఆపితే సభలు తిరిగి నెగ్గించుకున్నవి 12 మాత్రమే. ఇంత పోట్లాటలోనూ, యుద్ధంలో శిథిలమైన యూరపును నిలబెట్టే మార్షల్ ప్రణాళికను అదే ప్రతిపక్ష సభల చేత 1948లో ఆమోదింపజేశాడు. తన పేరు పెడితే ప్రతిపక్షం ఒప్పదని తెలిసి, విదేశాంగ మంత్రి మార్షల్ పేరు స్థిరపడనిచ్చాడు. ఆ పథకం కింద 13 వందల కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. కీర్తి తనకు రాకపోయినా పని జరగనిచ్చే అధికారులు ఎందరుంటారో మనకు తెలుసు.

ఇంకొక దారి ఆజ్ఞాపత్రం. నల్లజాతివారికి సైన్యంలో సమానత్వం కల్పించే చట్టం సభలో కదలదని తెలిసి, 1948 జూలై 26న సర్వసేనాధిపతి హోదాలో 9981 నంబరు ఉత్తర్వు జారీ చేశాడు. దక్షిణాది సభ్యులు అప్పటికే పార్టీ చీల్చి వేరే అభ్యర్థిని నిలబెట్టారు. ఆ నవంబరులో ట్రూమన్ ఓడిపోతాడని పత్రికలన్నీ తేల్చేశాయి. ఆయన రైలెక్కి ఊరూరా ఆగి, చివరి పెట్టె వెనక వాకిట్లో నిలబడి మాట్లాడాడు. 1948 నవంబరు 2న పోలింగు. చికాగోలో ఒక పెద్ద పత్రిక ఆయన ప్రత్యర్థి డ్యూయీ గెలిచాడని పెద్ద అక్షరాలతో అచ్చువేసి పారేసింది కూడా. అక్కడ ప్రజల ఓట్లు రాష్ట్రాలవారీగా లెక్కిస్తారు. ఒక్కొక్క రాష్ట్రానికి రెండు సభలలో ఎందరు సభ్యులుంటారో అన్ని ఎలక్టోరల్ ఓట్లు. అప్పుడు మొత్తం 531, గెలుపుకు 266 కావాలి. ట్రూమన్‌కు 303, డ్యూయీకి 189, చీలిపోయిన దక్షిణాదివారికి 39 వచ్చాయి.

ఆ పోలింగు అయిన రెండో రోజున, అంటే నవంబరు 4న, ఢిల్లీలో అంబేద్కర్ గారు మన రాజ్యాంగం ముసాయిదాను సభ ముందుంచి ఈ రెండు పద్ధతుల తేడానే వివరించారు. అమెరికా పద్ధతిలో స్థిరత్వం ఎక్కువనీ, మన పద్ధతిలో ప్రభుత్వం రోజూ జవాబు చెప్పుకునే బాధ్యత ఎక్కువనీ, రెండూ నిండుగా ఇచ్చే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదనీ, అందుకే బాధ్యత వైపు మొగ్గామనీ ఆయన చెప్పినదాని సారాంశం. అధ్యక్ష పద్ధతి కావాలనే మిత్రులు ఆ ప్రసంగం ఒకసారి చదివితే బాగుంటుంది.

ఆ పద్ధతి మన దేశానికి నేరుగా తగిలిన సందర్భం కూడా ఒకటుంది. 1951లో మనకు తిండిగింజల కరువు. ఇరవై లక్షల టన్నుల ధాన్యం పంపడానికి అనుమతించమని ఫిబ్రవరిలో ట్రూమన్ సభలను కోరాడు. అధ్యక్షుడు కోరినంత మాత్రాన ఖజానా తెరుచుకోదు. డబ్బు మంజూరు అధికారం సభలది. నెహ్రూగారి విదేశాంగ విధానం నచ్చని సభ్యులు నెలల తరబడి సాగదీశారు. చివరకు దానంగా కాక అప్పుగా, 19 కోట్ల డాలర్ల చట్టం మీద జూన్ 15న ఆయన సంతకం పెట్టాడు.

కొరియా యుద్ధం 1950 జూన్ 25న మొదలైంది. యుద్ధ ప్రకటన చేసే అధికారం సభలదే అయినా ఆ ప్రకటన లేకుండానే ట్రూమన్ సైన్యాన్ని దింపాడు. అక్కడి సేనాని మెకార్థర్ అప్పటికి దేశమంతా కొలిచే వీరుడు. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా తప్పుబడుతూ ప్రతిపక్ష నాయకుడికి ఉత్తరం రాశాడు. ప్రవర్తనా నియమావళి గుమాస్తాకో న్యాయం, జనరలుకో న్యాయమా? 1951 ఏప్రిల్ 11న ట్రూమన్ ఆయన్ను తొలగించాడు. దేశం భగ్గుమంది, అధ్యక్షుణ్ణే తొలగించాలని కేకలు వేశారు. తర్వాత సెనేటు విచారణలో త్రివిధ దళాల పెద్దలు అధ్యక్షుడి పక్షానే సాక్ష్యం చెప్పారు. 1952 ఫిబ్రవరి నాటికి ప్రజాభిప్రాయ సేకరణలో ట్రూమన్‌ను మెచ్చినవారు 22 శాతానికి దిగజారారు. అయినా కుర్చీ కదలలేదు. అధ్యక్ష పద్ధతిలోని మేలూ అదే, కీడూ అదే.

అయితే ఆ కుర్చీకి కూడా గోడలున్నాయి. 1952 ఏప్రిల్‌లో ఉక్కు కార్మికులు జీతాల పెంపు కోసం సమ్మెకు సిద్ధమయ్యారు. యుద్ధంలో ఉక్కు ఆగరాదని చెప్పి, 8వ తేదీ రాత్రి ట్రూమన్ దేశంలోని ఉక్కు మిల్లులను ప్రభుత్వ స్వాధీనం చేసుకుంటూ ఉత్తర్వు ఇచ్చాడు. ఏ చట్టం కింద అని యజమానులు కోర్టుకు వెళ్ళారు. సుప్రీంకోర్టులోని తొమ్మిది మంది న్యాయమూర్తులూ రూజ్వెల్టో ట్రూమనో నియమించినవారే, అందులో నలుగురు ట్రూమన్ వేసినవారు. కనుక గెలుపు ఖాయమని అందరూ అనుకున్నారు. జూన్ 2న ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పు వచ్చింది: సభలు చట్టం చేయని చోట అధ్యక్షుడు తానే చట్టం చేయలేడని. ఆ ఆరుగురిలో ఇద్దరు ట్రూమన్ స్వయంగా నియమించినవారు! ఆయనకు పట్టరాని కోపం వచ్చింది. కాని ఆ రోజే మిల్లులు యజమానులకు అప్పగించాడు. సమ్మె 53 రోజులు నడిచింది. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటె నచ్చినది ఈ ఘట్టమే. చేతిలో సైన్యం ఉంది, బాంబు ఉంది, యుద్ధం అనే సాకూ ఉంది. ఒక తీర్పు కాగితానికి తల వంచాడు.

2016లో మా అబ్బాయి దగ్గరకు కాన్సాస్ సిటీ వెళ్ళినప్పుడు ఇండిపెండెన్స్‌లో ట్రూమన్ లైబ్రరీ చూశాను. ఆయన ఆఫీసు గదిని ఉన్నదున్నట్టు అక్కడ కట్టి పెట్టారు. బల్ల మీద ఒక చిన్న పలక ఉంటుంది. ఫైలు ఇక పైకి పోయే చోటు లేదు, బాధ్యత ఈ బల్ల దగ్గరే ఆగుతుందని దాని భావం. ఓక్లహామాలో ఒక జైలు కార్ఖానాలో చేసి 1945లో పంపించిన పలక అది. నేను ముప్పై నాలుగేళ్ళు తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది అని రాస్తూ ఫైళ్ళు పైకి పంపినవాణ్ణి గనుక దాని ఎదుట కాసేపు ఎక్కువే నిలబడ్డాను.

రెండు మార్ల కంటె ఎక్కువ ఎన్నిక కాకూడదనే 22వ సవరణ 1951 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది. అందులో ట్రూమన్‌కు మినహాయింపు ఉంది. అయినా ఆయన మళ్ళీ నిలబడలేదు. 1953 జనవరి 20న ఐసెన్‌హోవర్‌కు పదవి అప్పగించి, భార్యతో రైలెక్కి సొంత ఊరు చేరాడు. ఇంటికి చేరగానే చేసిన మొదటి పని పెట్టెలు అటక మీద పెట్టడమట. కాపలా లేదు, మాజీ అధ్యక్షులకు రక్షణ ఏర్పాటు 1965లో గాని రాలేదు. ఆ వేసవిలో భార్యాభర్తలిద్దరూ సొంత కారులో, ఆయనే నడుపుతూ, వాషింగ్టన్, న్యూయార్కు దాకా పోయి వచ్చారు.

ఇక పింఛను. ఆయనకు వచ్చినది సైన్యంలో చేసినందుకు నెలకు 112 డాలర్ల 56 సెంట్లు. అధ్యక్షుడుగా ఏడాదికి లక్ష డాలర్ల జీతం తీసుకున్నవాడికి ఆ పదవి తాలూకు పింఛను సున్న. పెద్ద కంపెనీలు డైరెక్టరు పదవులిస్తామని వచ్చాయి. వారికి కావలసినది తాను కాదు, తాను కూర్చున్న కుర్చీ పేరు అని గ్రహించి కాదన్నాడు. ఆత్మకథ రాసి అమ్మితే వచ్చిన సొమ్ములో పెద్ద భాగం పన్నుకు పోయింది. రోజూ వచ్చే ఉత్తరాలకు జవాబులు రాయడానికి మనుషులు కావాలి, తపాలా బిళ్ళలు కావాలి. ఈ బాధ స్పీకర్ రేబర్న్‌కు రాసుకున్నాడు. చివరకు 1958 ఆగస్టు 25న మాజీ అధ్యక్షుల చట్టం వచ్చింది. ఏడాదికి 25,000 డాలర్ల పింఛను, ఆఫీసు, సిబ్బంది. వితంతువుకు 10,000 డాలర్ల కుటుంబ పింఛను. అప్పటికి జీవించి ఉన్న మాజీలు ఇద్దరే. రెండోవాడైన హూవర్ మహా ధనవంతుడు. ఆయనా పింఛను తీసుకున్నాడు. తాను కాదంటే ట్రూమన్ చిన్నబోతాడని తీసుకున్నాడంటారు.

2021లో ఒక న్యాయశాస్త్ర ఆచార్యుడు ట్రూమన్ కుటుంబపు కాగితాలు పరిశీలించి, ఆయన చెప్పుకున్నంత లేమి లేదనీ, పదవి దిగేనాటికే చాలా ఆస్తి కూడబెట్టాడనీ రాశాడు. ఆ లెక్కలు చూస్తే కొట్టిపారేయడానికి లేదు. ఇది చదివి నాకు మనసు కొంచెం నొచ్చుకున్న మాట నిజం. అయితే పింఛను అనేది బీదతనం చూసి వేసే భిక్షమా? 1982 డిసెంబరు 17న నకారా కేసులో మన సుప్రీంకోర్టు చెప్పినది గుర్తు తెచ్చుకోండి. పింఛను యజమాని దయాధర్మం కాదు, చేసిన సేవకు హక్కు. ఆ తీర్పు తేదీనే కదా మనం పండుగ చేసుకుంటున్నాం. ధనికుడైన హూవర్‌కు ఇచ్చినదే ట్రూమన్‌కూ ఇవ్వాలి. ఎవరి పెట్టెలో ఎంత ఉందో చూడనక్కరలేదు. కాకపోతే ఉన్నది లేదని చెప్పి అడగకుండా ఉంటే ఇంకా బాగుండేది.

మరొక సంగతితో ముగిస్తాను. ప్రజలందరికీ ఆరోగ్య బీమా పెట్టాలని ట్రూమన్ 1945 నవంబరులోనే సభలను కోరాడు. డాక్టర్ల సంఘం గట్టిగా అడ్డుపడింది, సభలు ఆమోదించలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత, 65 ఏళ్ళు దాటినవారి వైద్యానికి మెడికేర్ అనే చట్టం వచ్చింది. అధ్యక్షుడు జాన్సన్ 1965 జూలై 30న పనిగట్టుకుని ఇండిపెండెన్స్‌కు వచ్చి, 81 ఏళ్ళ ట్రూమన్ పక్కన కూర్చుని ఆ చట్టం మీద సంతకం పెట్టాడు. మొదటి కార్డు ట్రూమన్‌కు, రెండోది బెస్ గారికి. హెల్త్ కార్డు చేతికి రావడానికి మనం చేసిన ప్రదక్షిణలు మీకందరికీ గుర్తే గనుక ఈ మాట రాస్తున్నాను.

ట్రూమన్ 1972 డిసెంబరు 26న, 88వ ఏట, కాన్సాస్ సిటీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. లైబ్రరీ ఆవరణలోనే సమాధి చేశారు. బెస్ గారు ఇంకా పదేళ్ళు అదే ఇంట్లో ఉండి, 1982లో 97 ఏళ్ళ వయసులో పోయారు. ఇల్లు ప్రభుత్వానికి రాసి ఇచ్చారు. ఆయన టోపీ, కోటు ఇప్పటికీ ఆ ఇంట్లో తగిలించే ఉన్నాయి.